జ్వరంతో ఏరు దాటని లంక

బందరు పక్కన గిలకలదిండి హార్బర్‌లో నన్ను ఇప్పటికీ "ముక్కులో పుల్ల పెట్టే మేడం" అనే పిలుస్తారు. ఉద్యోగం అయిపోయింది, ఇప్పుడు చేపలు కొనుక్కోవడానికే వెళ్తాను. అయినా నన్ను చూడగానే ఎవరో ఒకావిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఈ వయసులో ఇంకేం చేస్తాం!

ఫ్లూ మీద నిఘా పెట్టే పనిలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, నన్ను ఎక్కడికి బదిలీ చేశారు, ఎవరు మెమో ఇచ్చారు, ఇవేవీ రాయను. అవన్నీ మీకూ వస్తాయి, వచ్చినప్పుడు మీరే తిట్టుకుందురుగాని. శిక్షణ క్లాసుల్లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది చెప్పడానికి ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఆ అమ్మాయి పేరు దుర్గ. అది నాకు సులువైన పని కాదు, అందుకే కాస్త వెనక నుంచి మొదలుపెడతాను.

పని ఏమిటంటే

మన వైపు ఏటా వానాకాలంలో ఫ్లూ వస్తుంది, చలికాలంలో మళ్లీ ఒకసారి తలెత్తుతుంది. జలుబు జ్వరమేలే అని అందరూ తీసిపారేస్తారు. చాలామందికి నిజంగానే అంతటితో పోతుంది. ముసలివాళ్లకి, చంటిపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకి జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లో ఫ్లూ మాత్ర పడితే ఒడ్డున పడే అవకాశం ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ ఆ మాత్రకి బలం తగ్గిపోతుంది.

ఆ ఫ్లూ ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టడం మా పని. జిల్లాలో కొన్ని ఆసుపత్రులని ఎంచుకుంటారు. అక్కడికి జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లలో కొందరి ముక్కులోంచి సన్నటి పుల్లతో నమూనా తీసి, ఐస్ పెట్టెలో పెట్టి ల్యాబ్‌కి పంపిస్తాం. ఏ ప్రాంతంలో ఎన్ని పాజిటివ్‌లు వచ్చాయో వారం వారం జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్తుంది. ఢిల్లీలో దేశం మొత్తానికి కలిపి ఒక గ్రాఫ్ గీస్తారు. ఈ ఏడాది ఏ రకం ఫ్లూ వచ్చింది, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. మందులు, హెచ్చరికలు మళ్లీ పైనుంచి కిందికి దిగేది కూడా దాన్ని చూసే.

గ్రాఫ్ చూడ్డానికి చాలా బాగుంటుంది. రంగులేస్తారు. పెద్ద మీటింగుల్లో తెరమీద పడినప్పుడు మనం చేసిన పనేనా ఇది అనిపిస్తుంది. కానీ ఆ గీత మొదలయ్యేది ఒక మనిషి జ్వరంతో ఆసుపత్రి మెట్టెక్కినప్పుడు. మెట్టెక్కని మనిషి ఆ గీతలో ఉండడు. ఇది నేను తెలివితో కనిపెట్టిన సంగతి కాదు, దెబ్బ తగిలాక తెలిసిన సంగతి.

గుడివాడ తుమ్ములు, హార్బర్ దగ్గులు

గుడివాడలో ఒక బట్టల షాపాయన ఉండేవాడు. ఒక్క తుమ్ము వస్తే చాలు, షట్టరు సగం దించి ఆసుపత్రికి వచ్చేసేవాడు. నేను పుల్ల బయటికి తీయకముందే తల వెనక్కి వాల్చి కూర్చునేవాడు.

"మేడంగారూ, కాస్త జాగ్రత్తగా పంపండి. మా బావమరిదికి వచ్చిన రకమే నాకూ వచ్చిందా, వేరేదా?"

"ఏ రకమైతే ఏంటండీ మీకు?"

"వాడిది మామూలు ఫ్లూ అన్నారు. నాది అంతకన్నా పెద్దది అయ్యుంటదని నా అనుమానం."

నవ్వొచ్చేది గానీ, నిఘాకి అలాంటివాళ్లే బంగారం. జ్వరం మొదలైన రోజే వస్తారు. ఆ రోజు ముక్కులో వైరస్ పుష్కలంగా ఉంటుంది, పరీక్షలో దొరుకుతుంది. కాబట్టి పాజిటివ్‌లకి ఎర్రరంగు వేసే మా జిల్లా మ్యాప్‌లో ఏటా గుడివాడ ఎర్రగా ఉండేది. ఎర్రగా ఉన్నచోటికి మాత్రలు వెళ్లేవి.

హార్బర్‌లో వ్యవహారం వేరు. చేపలమ్మే ఆడవాళ్లు దగ్గు వస్తే మింగేసేవాళ్లు. తట్ట దగ్గర దగ్గితే కొనేవాళ్లు పక్క తట్టకి వెళ్లిపోతారు. కరోనా తరవాత ఆ భయం రెట్టింపయింది, పుల్ల పెట్టించుకుంటే ఎక్కడికో ఎత్తుకుపోతారని కూడా అనుకునేవాళ్లు. అందుకని నేను తట్టల దగ్గర అడగడం మానేసి వేలంపాట వినేదాన్ని. పాట పాడేవాళ్ల గొంతులు ఒకరి తరవాత ఒకరివి బొంగురుపోయాయంటే హార్బర్‌లోకి ఫ్లూ వచ్చిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరినీ ఐసు ఫ్యాక్టరీ వెనక్కి పిలిచి, ఎవరూ చూడకుండా నమూనా తీసేదాన్ని. రూల్స్‌లో ఈ పద్ధతి ఉండదు. మీరు మీ ఊరికి తగిన పద్ధతి మీరే వెతుక్కోవాలి.

ఇక దివిసీమ. అక్కడ మా మ్యాప్ ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

ఉప్పుగాలి

మా ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు. లంచం ముట్టడు, గొంతు పెంచడు, అటెండరుని కూడా 'గారు' అంటాడు. ఆయన జబ్బల్లా ఒకటే. కాగితం మీద అంకె కనబడితే దానికి కారణం చెప్పకుండా ఉండలేడు. దివిసీమలో ఎప్పుడూ సున్నా ఎందుకొస్తోందని రాష్ట్రంవాళ్లు అడిగినప్పుడు ఆయనకి కారణం తట్టింది.

"ఉప్పుగాలండీ," అన్నాడు నాతో. "సముద్రం పక్కన గాలిలో ఉప్పుంటుంది. వైరస్ నిలవదు."

"గిలకలదిండిలో కూడా ఉప్పుగాలేనండీ. అక్కడ పాజిటివ్‌లు వస్తున్నాయిగా?"

"అక్కడ జనసాంద్రత ఎక్కువ."

ఈ ముక్క రాష్ట్ర మీటింగులో చెప్పాడు. అక్కడ ఎవరూ కాదనలేదు. తరవాత ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా మ్యాప్ చూసి, ఈ తీరప్రాంతం సంగతి ఆసక్తిగా ఉందే అన్నాడట. దాంతో ఉప్పుగాలి మా ఆఫీసులో సిద్ధాంతమై కూర్చుంది. కాదనడానికి నా దగ్గర కూడా వేరే కారణం లేదు.

సున్నా వస్తే అందరికీ సుఖం. పైవాళ్లు ఫోన్ చెయ్యరు, పేపర్లవాళ్లు రారు, మందుల లెక్క తేలిగ్గా తేలిపోతుంది. అందుకే ఆ సున్నాని ఎవరూ గట్టిగా ప్రశ్నించరు. ఈ ఉద్యోగంలో మనిషిని చెడగొట్టేది అదే.

పంటు మీద

నాగాయలంక దాటాక కృష్ణ పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య లంకలున్నాయి. అలాంటి ఒక లంక గురించే చెబుతున్నాను, ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇవతలికి రావాలంటే పంటు ఎక్కాలి. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి దాటించే బల్లకట్టు లాంటి పడవ. మేం నమూనాలు తీసే ఆసుపత్రి ఇవతలి ఒడ్డునే ఉంది.

ఆ వానాకాలం లంకలో జ్వరాలు బాగా ఉన్నాయని అక్కడ పనిచేసే నర్సు సువార్త ఫోన్ చేసి చెప్పింది. నమూనాలు మాత్రం మళ్లీ అన్నీ నెగెటివే. నేనే వెళ్లి చూస్తానన్నాను. ఆఫీసరుగారు సరేనన్నారు.

"మాత్రలు కూడా కొన్ని ఇవ్వండి, పట్టుకెళ్తాను," అన్నాను.

"పాజిటివ్ లేనిచోటికి ఎలా ఇస్తామండీ? రేపు గుడివాడలో అయిపోతే ఎవరు సమాధానం చెప్పాలి? ముందు శాంపిల్స్ తెండి."

ఐస్ పెట్టె, పుల్లలు, ఖాళీ సీసాలు పట్టుకుని బయల్దేరాను.

రేవులో పంటు కోసం నిలబడ్డాను. అవతలి నుంచి వచ్చిన పంటులోంచి ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లు దిగారు. తలలు దువ్వుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, శుభ్రంగా ఉన్నారు. దగ్గుతున్నారు గానీ ఎవరి మొహంలోనూ జ్వరం కళ లేదు. ఒకామెని ఆపి అడిగాను.

"జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"పోయిన వారమండి. తగ్గింది. ఈ దగ్గే పోటంలేదు."

"మరి జ్వరం ఉన్నప్పుడే రావచ్చుగా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "జ్వరం ఒంటిమీదుండగా ఏరెట్టా దాటతామండి?"

పక్కనున్న ఇద్దరూ అవునన్నట్టు తలూపారు. పంటు నడిపే ఆయన కూడా, "జ్వరమొచ్చినోళ్లని ఎక్కించుకోనండి. ఆళ్లే ఎక్కరు," అన్నాడు.

అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాను. జ్వరం ఉన్నన్నాళ్లూ లంకలోనే పడుకుంటారు. తగ్గాక, ముక్కులో వైరస్ పోయాక ఏరు దాటతారు. మేం అప్పుడు పుల్ల పెడతాం. నెగెటివ్ రాక ఇంకేం వస్తుంది? చచ్చిపోయినవాళ్లు ఎలాగూ దాటరు. ఇన్నేళ్లుగా మేం ఢిల్లీకి పంపిన సున్నాలన్నీ ఈ రేవులో తయారైనవే.

దుర్గ

లంకలో దిగి సువార్తతో ఇల్లిల్లూ తిరిగాను. చాలా ఇళ్లలో ఎవరో ఒకరు ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. ఒక ఇంట్లో ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి గోడకానుకుని కూర్చుంది. ఆ అమ్మాయే దుర్గ. జ్వరం వచ్చిన రెండో రోజు. ఒళ్లు కాలిపోతోంది, దగ్గినప్పుడల్లా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంటోంది. భర్త వేటకెళ్లాడు. బోటు సముద్రం మీదుంది, ఫోన్ అందటం లేదు. ఇంట్లో అత్త నాంచారమ్మ ఒక్కతే ఉంది.

పుల్ల పెడితే దుర్గ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నవ్వింది. "లోపలున్నోడికి కూడా తుమ్మొచ్చిందండి," అంది.

ఆ అమ్మాయి ఊపిరి తీసే వేగం నాకు నచ్చలేదు. నాంచారమ్మని బయటికి పిలిచాను.

"ఇప్పుడే పంటెక్కించి బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలమ్మా. మందు అక్కడే ఉంది. కడుపుతో ఉన్న పిల్ల. ఆలస్యం చెయ్యకూడదు."

"తగ్గినాక తీసుకొస్తానమ్మా."

"తగ్గేదాకా ఆగితే ప్రమాదం. నా మాట వినండి."

ఆవిడ కాసేపు ఏరు వైపు చూసింది. "నా పెద్దకూతురిని ఇట్టాగే జ్వరం మీద దాటించా. అందరూ చెప్పారు, నేనూ ఇన్నా. చాపలో చుట్టి తెచ్చుకున్నా. ఈ ఊళ్లో జ్వరంతో దాటినోళ్లు నడుచుకుంటా తిరిగొచ్చింది నేను చూడలా. రేపు నా కొడుకు వేటనించొచ్చి నా పెళ్లామేదే అంటే ఏం చెప్పను?"

మూఢనమ్మకం అనెయ్యడం తేలిక. నేనూ ఆ మాట అనబోయి ఆగాను. అక్కడివాళ్లు ఎవరినైనా ఏరు దాటించేది ఇక లాభం లేదనుకున్నప్పుడే. అంత ఆలస్యంగా దాటినవాళ్లు బతకరు. బతకలేదు కాబట్టి దాటకూడదని ఊరు నేర్చుకుంది. ఆవిడ కళ్లతో చూసిందే చెబుతోంది. దానికి నా దగ్గరున్న జవాబు ఆ మాత్ర ఒక్కటే, అది బందరులో మా ఆఫీసు స్టోరు గదిలో ఉంది.

అక్కడి నుంచే ఆఫీసరుగారికి ఫోన్ చేశాను. గొంతు పెంచే మాట్లాడాను. ఆయన అంతా విన్నారు. తరవాత, "రండి, ఆ ఒక్క అమ్మాయికి సరిపడా సంతకం పెట్టి ఇస్తాను," అన్నారు. దుర్గని సువార్తకి అప్పజెప్పి, నమూనాలు పట్టుకుని ఆఖరి పంటుకి ఇవతలికి వచ్చాను.

రేవులో

మర్నాడు మాత్రలు తీసుకుని రేవుకి చేరేసరికి వాయుగుండం మొదలైంది. పంటు ఆపేశారు. గాలికి రేవులో తాటాకు కొట్టు పైకప్పు లేచిపోయింది. పడవలవాళ్లని ఒక్కొక్కరినీ బతిమాలాను. "తల్లీ, మాకూ పిల్లలున్నారు," అన్నారు. వాళ్లని ఏమనగలను? ఏరు చూస్తే ఎవరికైనా అడుగు ముందుకి పడదు.

సువార్త ఫోన్ చేసి దుర్గకి ఆయాసం పెరిగిందని చెప్పింది. ఆ మర్నాడు పొద్దున్న దొరికిన ఒక్క ఫోన్‌లో పెదాలు నల్లబడుతున్నాయంది. ఆ తరవాత సిగ్నల్ లేదు. నేను ఆ రెండు రోజులూ రేవు వదల్లేదు. మాత్రల డబ్బా తడవకుండా చీరచెంగులో చుట్టి పెట్టుకున్నాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత పనికిమాలినదాన్నని ఎప్పుడూ అనిపించలేదు.

గాలి కొంచెం తెరిపి ఇవ్వగానే లంక నుంచి ఒక బోటు రావడం కనిపించింది. ఇక లాభం లేదనుకుని ఊరివాళ్లే దుర్గని దాటిస్తున్నారు. బోటు ఒడ్డుకి తగలకముందే నీళ్లలోకి దిగాను. నాంచారమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంది దుర్గ. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. మాత్ర నీళ్లలో కలిపి నోట్లో పొయ్యబోతే మింగలేకపోయింది, పక్కనుంచి కారిపోయింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పెద్దాసుపత్రికి పంపించడానికి అంబులెన్సు వచ్చేలోపు పోయింది. లోపలున్న బిడ్డా దక్కలేదు.

మళ్లీ ఒక మనిషి జ్వరంతో ఏరు దాటి చాపలో తిరిగి వెళ్లింది. లంక ఏం నమ్ముతోందో అదే ఇంకోసారి రుజువైంది. ఆ రుజువులో మా చెయ్యి కూడా ఉంది.

పాజిటివ్

తరవాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ ఏడాది నుంచి నమూనాలు లంకలోనే తీయడం మొదలుపెట్టాం. మ్యాప్‌లో దివిసీమ ఎర్రబడింది. రాష్ట్ర మీటింగులో ఎవరో లేచి, ఈ ప్రాంతంలోకి ఫ్లూ కొత్తగా ప్రవేశించినట్టుందే అన్నారు. ఎప్పటినుంచో ఉందండీ, మనమే వెళ్లలేదు అన్నాను. ఆ మాట ఎక్కడా రాసుకున్నట్టు లేదు. మీరు గ్రాఫ్‌లో గీత పైకి లేవడం చూసినప్పుడు రోగం పెరిగిందా, లేక చూసే కన్ను ఇప్పుడే తెరుచుకుందా అని అడగండి. కిందికి దిగినప్పుడు ఇంకా గట్టిగా అడగండి.

దుర్గ నమూనా ఫలితం ఆ అమ్మాయి అంత్యక్రియలయ్యాక వచ్చింది. ఆఫీసరుగారే ఫోన్ చేశారు.

"మేడం, లంక నుంచి ఒక పాజిటివ్ వచ్చింది. కన్ఫర్మ్ అయింది కాబట్టి ఇక స్టాక్ మొత్తం ఇచ్చెయ్యచ్చు."

"ఎవరిదండీ?"

పేరు చదివారు. ఆ అమ్మాయి అంత్యక్రియలు కూడా అయిపోయాయండీ అన్నాను. ఉప్పుగాలి మాట ఆయన నోట మళ్లీ నేను వినలేదు.

స్టాక్ తీసుకుని ఆయనే వచ్చారు. పంటు మీద అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, ఆ ఒడ్డు వచ్చేదాకా తలెత్తలేదు. ఇల్లిల్లూ తిరిగి జ్వరమున్నవాళ్లకి మాత్రలిచ్చాం. చివరికి నాంచారమ్మ ఇంటికి వెళ్లాం. దుర్గ భర్త వేట నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, మావైపు చూడలేదు. దుర్గ దగ్గర్నుంచి నాంచారమ్మకి కూడా జ్వరం అంటుకుంది. నేను ఆవిడ చేతిలో మాత్రల అట్ట పెట్టి, ఎలా వేసుకోవాలో చెప్పాను.

ఆవిడ ఆ అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. బరువెంతో చూస్తున్నట్టు అరచేతిలో పెట్టుకుంది.

"దీనికోసమేనా అమ్మా, నా కోడల్ని ఏరు దాటించమంది?"

"అవునమ్మా."

"ఇంతే ఉందిగా. ఇదే ఏరు దాటి రావచ్చుగా?"

వెనక్కి తిరిగి చూస్తే ఆఫీసరుగారు వాకిట్లో నిలబడి ఉన్నారు, లంకంతా పంచాక కూడా ఆయన చేతిలో అట్టపెట్టె ఇంకా సగం నిండుగా ఉంది.